ఇంటిని అంగడిగా మార్చేముందు

శీర్షిక: ఇల్లు – వాకిలి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని మార్చి చూడమని మాత్రం వారు చెప్పలేదు. ఆ కాలంలో వీధి అరుగు మీద కొట్టు పెట్టుకొన్నా, పెరటిలో పాక వేసుకొన్నా అడిగేవారు అంతగా ఉండేవారు కారు. ఈనాడు అడిగేవారున్నారు; అడుగవలసిన అవసరమూ ఉన్నది. పదవీ విరమణానంతరం చేతికి వచ్చిన భవిష్యనిధి, గ్రాట్యుటీ సొమ్ముతో ఉన్న ఇంటినే కొంత పెంచి, కొంత మార్చి, నెలనెలా నాలుగు డబ్బులు కళ్ళజూడవలెనని తలచే మిత్రులు మన సంస్థలో ఎందరో ఉన్నారు. వారికీ, వారి కుటుంబాలకూ ఉపకరిస్తుందన్న ఆశతో ఈ నెల శీర్షికను ఒక ఇంటి కథతో ప్రారంభిస్తున్నాను.

తేంగాయితిట్టులో ఒక మధ్యాహ్నం

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణ దిక్కున, కడలూరు రోడ్డుకు తూర్పుగా, చేపల రేవుకు సమీపంలో ఉన్న పేట తేంగాయితిట్టు. పేరు వినగానే మన తెలుగువారికి నవ్వు వస్తుంది. ఇందులో తిట్టేదేమీ లేదు. తమిళంలో తేంగాయ్ అంటే మన టెంకాయే. తిట్టు అంటే నీటి మధ్యనో, నీటి ఒడ్డుననో మెరకగా ఉన్న దిబ్బ. అనగా కొబ్బరిచెట్ల దిబ్బ అన్నమాట. ఈ పేటను ఆనుకొని సముద్రపు పోటు నీరు ప్రవేశించే ఏటి మొగ, అందులో మడచెట్ల గుంపులు ఉన్నాయి. ఈ పేరునూ, ఈ నీటినీ పాఠకులు గుర్తుంచుకోవలెను. కథలో వీటికి పాత్ర ఉన్నది.

నాతో పాటు ఉద్యోగం చేసి విరమించిన మిత్రులొకరు ఈ పేటలో స్థిరపడ్డారు. వారి స్వస్థలం యానాం. నాకన్న వయసులో పెద్దవారు కనుక అన్నగారూ అని పిలవడం నాకు అలవాటు. నేను మన సంస్థ సివిల్ విభాగంలో పనిచేసినవాడిని కావడం వలన ఒకసారి వచ్చి ఇల్లు చూసి వెళ్ళమని ఉత్తరం వ్రాశారు. వెళ్ళేసరికి హాలులో గోడ మీద తాపీ మేస్త్రీ సుద్దముక్కతో పెద్ద గీతలు గీసి ఉంచాడు. ఆ గోడను తీసివేసి రెండు గదులను నాలుగు చేస్తారట. పైన ఒక అంతస్తు వేసి దంపతులు అక్కడ కాపురముంటారట. క్రింది నాలుగు గదులనూ పుదుచ్చేరి చూడవచ్చే యాత్రికులకు దినసరి అద్దెకు ఇస్తారట. పెరటి జాగాలో రేకులు కప్పి వంటశాల. మేస్త్రీకి బయానా ముట్టింది. రేకులకు పురమాయింపు కూడా అయింది.

"ప్లాను అనుమతి మాటేమిటి అన్నగారూ?" అని అడిగాను.

"ఇల్లు కట్టినప్పుడే తీసుకొన్నాము కదయ్యా! మన ఇంట్లో మన గోడ తీసుకోవడానికి మళ్ళీ ఎవరిని అడగాలి? లోపలి పని ఎవరికి తెలుస్తుందని మేస్త్రీ కూడా అన్నాడు."

వదినగారు కాఫీ గ్లాసులు తెచ్చి పెడుతూ, "మరిదిగారూ, మీరైనా గట్టిగా చెప్పండి. ఉన్న సొమ్మంతా ఇందులోనే పోస్తున్నారు. రేపు ఏదైనా కాగితం వస్తే మాకు రెండో సొమ్ము లేదు," అన్నారు.

ఆ ఒక్క మాటతో ఆ గోడ విలువ ఎంతో నాకు అర్థమైంది. ముప్పై సంవత్సరాల జీతం నుండి కూడబెట్టినది ఆ సుద్దగీత మీద నిలిచి ఉన్నది. పాత ప్లాను తెమ్మన్నాను. ట్రంకు పెట్టె అడుగున, పెళ్ళి పత్రికల క్రింద అది దొరికింది. దాని మీద స్పష్టంగా ఉన్నది: నివాస గృహం, ఒక అంతస్తు. మా సంభాషణ అక్కడ మొదలై సాయంకాలం దీపాలు పెట్టేవరకు సాగింది.

మూడు ప్రశ్నలు

ఇంటిలో తలపెట్టే ఏ మార్పుకైనా మొదట మూడు ప్రశ్నలు వేసుకోవలెను. ఈ మార్పు ఇంటి బలాన్ని తాకుతున్నదా? ఇంటి కొలతను పెంచుతున్నదా? ఇంటి వాడుకను మారుస్తున్నదా? మూడింటికీ లేదన్నదే జవాబైతే – అనగా వెల్ల వేయడం, గచ్చు మార్చడం, తలుపులు కిటికీలు బాగుచేయడం, పెచ్చులూడిన పూత సరిచేయడం వంటి పనులైతే – సాధారణంగా ప్రణాళికా అనుమతి అవసరముండదు. పురాతన భవనాల విషయంలో ముఖభాగాన్ని ముట్టుకొనేముందు మాత్రం విడిగా విచారించవలెను. మూడింటిలో ఏ ఒక్కదానికి అవునన్నా మేస్త్రీని పిలవడానికి ముందు ఇంజనీరును, ఇంజనీరు తరువాత ప్రణాళికా సంస్థను సంప్రదించవలసినదే. మా అన్నగారి పథకంలో మూడింటికీ జవాబు అవుననే వచ్చింది.

చాలమంది పొరపడేది మూడవ ప్రశ్న దగ్గర. ఒక్క ఇటుక కదల్చకపోయినా, నివాసగృహాన్ని దుకాణంగానో, ట్యూషన్ కేంద్రంగానో, వసతిగృహంగానో మార్చడం కూడా చట్టం దృష్టిలో అభివృద్ధి పనియే. ఈ భావన మనది మాత్రమే కాదు. బ్రిటన్‌లో 1947లో వచ్చిన నగర, గ్రామీణ ప్రణాళికా చట్టం కట్టడాన్నే కాక కట్టడపు వాడుకలో వచ్చే గణనీయమైన మార్పును కూడా అనుమతి పరిధిలోకి తెచ్చింది. మన దేశంలోని ప్రణాళికా చట్టాలు ఆ ఒరవడినే అనుసరించాయి. పుదుచ్చేరిలో 1969 నాటి నగర, గ్రామీణ ప్రణాళికా చట్టం అమలులో ఉన్నది. దాని క్రింద 1972లో భవన నిర్మాణ ఉపనిబంధనలు, జోను నిబంధనలు వచ్చాయి. 2012లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. తేంగాయితిట్టు పుదుచ్చేరి ప్రణాళికా సంస్థ పరిధిలోనిది. యానాంలో ఇల్లున్న మన మిత్రులకు అక్కడి ప్రణాళికా సంస్థ వేరుగా ఉన్నది.

గోడ ఏమి మోస్తున్నది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. పాతకాలపు ఇళ్ళలో పిల్లర్లు ఉండవు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలే శ్లాబును మోస్తాయి. గదిని రెండుగా విడదీయడానికి కట్టిన నాలుగున్నర అంగుళాల గోడ సాధారణంగా బరువు మోయదు. ఏది ఏ గోడయో సుద్దముక్క చెప్పదు. ఇంజనీరు చూసి చెప్పవలెను. మా అన్నగారి ఇంట్లో మేస్త్రీ గీత గీసినది సరిగ్గా బరువు మోస్తున్న గోడ మీదనే. దానిని తీయవలెనంటే క్రింద ఉక్కు దూలమో, కాంక్రీటు బీమో ముందుగా ఆధారమిచ్చి, ఆ భారాన్ని పునాది దాకా దింపే ఏర్పాటు చేయవలెను. పైన కొత్త అంతస్తు వేస్తే ఆ భారం ఇంకా పెరుగుతుంది. పైగా అది ఏటి ఒడ్డు నేల. ఇసుక పాలు, నీటి మట్టం రెండూ చూడవలసిన చోటు. ఉప్పుగాలికి శ్లాబులోని ఇనుము త్రుప్పు పట్టి ఉబ్బుతుంది. ఉబ్బిన ఇనుము కాంక్రీటును పెచ్చులుగా రాలుస్తుంది. పైకప్పును సుత్తితో మెల్లగా తట్టి చూస్తే బోలు శబ్దం వచ్చిన చోటల్లా అనుమానించవలసినదే.

వాడుక మారితే బలంతో పనియేమిటని కొందరడుగుతారు. పని ఉన్నది. మన దేశపు ప్రమాణ సంహిత ఐ.ఎస్. 875 రెండవ భాగం ప్రకారం నివాసపు గదుల నేలను చదరపు మీటరుకు ఇంచుమించు 200 కిలోల భారానికి లెక్కగడతారు. తరగతి గదికి ఇది 300 కిలోలు. చిల్లర దుకాణానికి, భోజనశాలకు 400. సామాను నిలువచేసే గదికి 500. అనగా కాపురానికి వేసిన మేడగదిని సామాన్ల గదిగా మార్చిననాడు ఆ శ్లాబును రెండున్నర రెట్లు మోయమంటున్నామన్నమాట. అది నోరులేనిది, మోయలేనని చెప్పదు, ఒకనాడు కూలుతుంది.

భారంతో పాటు మనుషుల రాకపోకలు కూడా లెక్కలోనివే. ఒక కుటుంబానికి చాలే మెట్ల దారి వందమందికి చాలదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల మధ్యాహ్న భోజనపు వంటశాలలో పుట్టిన నిప్పు ఆకు కప్పుకు అంటుకొని 94 మంది పసిపిల్లలు బలైనారు. కప్పు దేనితో వేశారు, పొయ్యి ఎక్కడ పెట్టారు, బయటికి దారి ఎంత వెడల్పు – ఈ ప్రశ్నలే ప్లాను పరిశీలనలో అడుగుతారు. ప్లాను పరిశీలన ఫీజు వసూలుకేనని విసుగుకొనే ముందు ఆ 94 మందిని ఒకసారి తలచుకోవలెను. మా అన్నగారి పెరటి వంటశాల కూడా ప్రక్కింటి ప్రహరీ గోడకు ఆనించి వేయదలచినదే. ప్లానులో చుట్టూ ఖాళీగా విడిచిన జాగా గాలికి, వెలుతురుకు, అవసరమైతే నిచ్చెన పట్టుకొని వచ్చే అగ్నిమాపక సిబ్బందికి విడిచినది. అది వృథా జాగా కాదు.

జోను, తీరపు గీత

ఇక వాడుక. ప్రతి పట్టణానికి సమగ్ర అభివృద్ధి ప్రణాళిక ఉంటుంది. అందులో ఫలానా సర్వే నంబరు నివాస జోనులోనిదా, వాణిజ్య జోనులోనిదా అన్నది గుర్తించి ఉంటుంది. నివాస జోనులో కూడా కొన్ని చిన్న వృత్తులకు, దుకాణాలకు నిబంధనలకు లోబడి అవకాశముండవచ్చు. వీధి వెడల్పు, వాహనాలు నిలిపే జాగా, విస్తీర్ణం చూసి నిర్ణయిస్తారు. కనుక ప్రక్క వీధిలో ఒకరు చేశారు గదా అన్నది ప్రమాణం కాదు. ప్రక్క వీధి వెడల్పు వేరు, జోను వేరు. లేదా ఆయనకు కూడా కాగితం ఇంకా రాలేదేమో!

తేంగాయితిట్టు వంటి చోట దీనికి తోడు మరొక గీత ఉన్నది. సముద్రతీర నియంత్రణ మండలి నిబంధనలు మొదట 1991 ఫిబ్రవరిలో వచ్చాయి. 2011లోను, 2019లోను వాటిని తిరిగి వ్రాశారు. సముద్రపు గరిష్ఠ పోటు రేఖ నుండి 500 మీటర్ల వరకు ఈ నిబంధనల పరిధి. పోటు నీరు ప్రవేశించే ఏరులకు, వాగులకు 2011 ప్రకటన ప్రకారం 100 మీటర్లు లేదా ఆ ఏటి వెడల్పు, ఏది తక్కువైతే అది. 2019 ప్రకటనలో ఈ 100 మీటర్లను 50 చేశారు; అయితే ఆ ప్రకటన ప్రకారం తయారైన తీరపు పటం ఆమోదం పొందిన తరువాతనే అది వర్తిస్తుంది. మడ అడవి వెయ్యి చదరపు మీటర్లకు మించి ఉంటే దాని చుట్టూ 50 మీటర్ల రక్షణ వలయం కూడా ఉన్నది. మన సర్వే నంబరుకు ఏ పటం, ఏ గీత వర్తిస్తుందో ప్రణాళికా కార్యాలయంలోనే అడిగి తెలుసుకోవలెను. కంటికి ఏరు దూరంగా కనిపించినంత మాత్రాన పటంలో దూరంగా ఉండదు.

మడచెట్లకు ఇంత మర్యాద ఎందుకని అన్నగారు అడిగారు. "కోరంగి మడ అడవుల ప్రక్కన పుట్టిన మీరే ఈ మాట అడగవచ్చునా?" అన్నాను. 2004 డిసెంబరు 26 నాటి సునామీ పుదుచ్చేరి, కారైకాల్ తీరాలను ఎలా తాకినదో ఆయన మరువలేదు. అలల వేగాన్ని, ఒడ్డు కోతను తగ్గించేవి ఆ వేళ్ళే. కాసేపు మాట్లాడక ఊరుకొన్నారు.

ఒక అనుమతి చాలదు

ఒక కార్యాలయం ముద్ర పడితే అన్నీ అయినట్లేనని అనుకొనేవారికి మరడు ఒక గుణపాఠం. కేరళలో కొచ్చి సమీపాన మరడులో నీటి ఒడ్డున నాలుగు బహుళ అంతస్తుల నివాస సముదాయాలు కట్టారు. స్థానిక సంస్థ అనుమతి ఉన్నది. తీర మండలి నిబంధనల ప్రకారం కావలసిన అనుమతి లేదు. 2019 మే 8న సుప్రీంకోర్టు వాటిని తొలగించమన్నది. 2020 జనవరి 11, 12 తేదీలలో ఆ నాలుగింటినీ మందుగుండుతో నేలమట్టం చేశారు. ఫ్లాటు యజమానులకు తాత్కాలిక పరిహారంగా తలకు 25 లక్షల రూపాయలు ఇమ్మన్నారు గాని, కూలిన ఇంటిలోని కాపురాన్ని ఎవరు తిరిగి ఇవ్వగలరు? కొన్నవారిలో ఎక్కువమంది ఆ ముద్రను నమ్మినవారే.

వాడుక మార్పు మీద కూడా న్యాయస్థానాల మాట పాతదే. కర్ణాటకలోని ఉడుపిలో కల్యాణమంటపానికి, ఉపన్యాస మందిరానికి అని అనుమతి పొందిన కట్టడాన్ని సినిమాహాలుగా మార్చబోగా, ప్రణాళిక ప్రకారం అది నివాస ప్రాంతమని అక్కడ నివసించే ఒకాయన కోర్టుకెక్కారు. 1974లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ప్రణాళికకు విరుద్ధంగా అనుమతి ఇచ్చే అధికారం పురపాలక సంఘానికి లేదనీ, దానిని ప్రశ్నించే హక్కు ఆ పేటలో ఉండేవారికి ఉన్నదనీ ఆ తీర్పు సారాంశం. ఈ తీర్పును మనం రెండు వైపుల నుండి చదువుకోవలెను. మనం మార్చేవారమైతే ఇరుగుపొరుగుకు హక్కున్నది. ఇరుగుపొరుగు మార్చితే మనకూ హక్కున్నది.

ఉత్తర ప్రదేశ్‌లోని మీరట్‌లో నివాసానికి కేటాయించిన స్థలంలో దుకాణాలు కట్టుకొని ఎన్నో సంవత్సరాలు వ్యాపారం సాగించిన వ్యవహారంలో 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు మరింత స్పష్టంగా చెప్పింది. కాలం గడిచినంత మాత్రాన, ఎంతో ఖర్చు పెట్టినంత మాత్రాన, అధికారులు ఉపేక్షించినంత మాత్రాన అక్రమం సక్రమం కాదు. నిర్మాణం పూర్తయినట్లు ధ్రువపత్రం చూసిన తరువాతనే బ్యాంకులు ఆ కట్టడం మీద అప్పు ఇవ్వవలెనని, విద్యుత్తు, నీరు, మురుగు కాలువ సదుపాయాలు కూడా ఆ పత్రం చూసే కల్పించవలెనని ఆదేశించింది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదన్న ధైర్యం ఇక చెల్లదు.

యజమానికి రక్షణ లేకపోలేదు. 2024 నవంబరు 13న అదే న్యాయస్థానం, ముందుగా సంజాయిషీ నోటీసు ఇవ్వక, కనీసం పదిహేను రోజుల గడువు ఇవ్వక, యజమాని మాట వినక ఏ కట్టడాన్నీ కూల్చరాదన్నది. రోడ్డు, కాలిబాట, రైలు మార్గం, నది లేక జలాశయం వంటి బహిరంగ స్థలాలలోని అక్రమ కట్టడాలకు మాత్రం ఈ రక్షణ వర్తించదు. ఏటి ఒడ్డున ఇల్లున్నవారు ఈ మినహాయింపును రెండుసార్లు చదువుకోవలెను.

దరఖాస్తు చేసే విధానం

ఇప్పుడు పని మాట. మొదట పాత ఆమోదిత ప్లానును వెదికి తీయండి. కనిపించకపోతే సమాచార హక్కు చట్టం, 2005 క్రింద ప్రణాళికా కార్యాలయం నుండి నకలు కోరవచ్చును. ప్లానులో ఉన్నదీ, నేల మీద ఉన్నదీ ఒకటేనా అని టేపు పట్టి కొలవండి. లోగడ వేసిన పోర్టికోయో, పెంచిన బాల్కనీయో ప్లానులో లేకపోతే దానిని దాచవద్దు. క్రొత్త దరఖాస్తులోనే చూపి, సరిదిద్దుకొనే దారి అడగండి.

రెండవది, ప్రణాళికా సంస్థ వద్ద నమోదైన ఆర్కిటెక్టు లేక ఇంజనీరు చేతనే ప్లాను వేయించండి. ఉన్న భాగాన్ని, తొలగించే భాగాన్ని, క్రొత్తగా కట్టే భాగాన్ని వేరువేరు రంగులలో చూపడం ఆనవాయితీ. పై అంతస్తు వేస్తున్నా, గోడ తీస్తున్నా పాత కట్టడపు దృఢత్వం గురించి స్ట్రక్చరల్ ఇంజనీరు ధ్రువపత్రం తీసుకోండి.

మూడవది, పత్రాలు. క్రయ దస్తావేజు, పట్టా, ఆస్తి మీద అప్పులు లేవని తెలిపే ఈ.సి., పన్ను రసీదు, స్థలపు నక్షా సిద్ధం చేసుకోండి. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తియైతే అందరి సమ్మతి, ఫ్లాటు అయితే సంఘం సమ్మతి, బ్యాంకులో తనఖా ఉంటే బ్యాంకు సమ్మతి తీసుకోండి. ప్రదేశాన్ని బట్టి, వాడుకను బట్టి తీర మండలి సంస్థ, అగ్నిమాపక శాఖ వంటి వారి అభిప్రాయం కూడా కావలసి రావచ్చు.

నాలుగవది, అనుమతి పత్రం చేతికి వచ్చిన తరువాత వెనుక పేజీ చదవండి. షరతులన్నీ అక్కడే ఉంటాయి. గడువు కూడా అక్కడే ఉంటుంది. పని పూర్తయిన తరువాత పూర్తి ధ్రువపత్రం తీసుకొంటే గాని మీ అనుమతి కథ ముగియదు. ఇల్లు అమ్మేనాడు, అప్పు తెచ్చేనాడు, పిల్లలకు వ్రాసి ఇచ్చేనాడు మొదట అడిగేది ఆ కాగితాన్నే. దరఖాస్తు తిరస్కరిస్తే కారణాలు వ్రాతపూర్వకంగా కోరండి. ప్లాను సవరించి మళ్ళీ పెట్టుకోవచ్చును. అప్పీలు చేసుకొనే మార్గమూ చట్టంలో ఉన్నది.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ఉన్న మిత్రులకు ఒక మాట. ఆంధ్ర ప్రదేశ్‌లో 2017 నాటి భవన నిబంధనలు, తెలంగాణలో 2020 నాటి భవన అనుమతుల చట్టం ఇంటివద్ద నుండే కంప్యూటరు ద్వారా దరఖాస్తు చేసుకొనే వీలు విస్తరించాయి. చిన్న నివాస గృహాలకు స్వయం ధ్రువీకరణ పద్ధతి కూడా వచ్చింది. దీనిని సులువు అనుకోవడంతో పాటు బరువు అని కూడా అనుకోవలెను. మునుపు అధికారి చూసి సంతకం చేసేవాడు. ఇప్పుడు అన్నీ సక్రమమేనని సంతకం చేసేది మనమే. అబద్ధమైతే బాధ్యతా మనదే.

మనం మరచే నాలుగు సంగతులు

వాణిజ్య తరగతి కరెంటు మీటరు పెట్టించుకొన్నాము, పురపాలక సంఘానికి పన్ను కడుతున్నాము, వ్యాపార లైసెన్సు ఉన్నది, ఇంకేమి కావలెనని అడిగేవారుంటారు. ఇవేవీ వాడుక మార్పుకు ప్రణాళికా అనుమతికి బదులు కావు. ఒక్కొక్క కాగితం ఒక్కొక్క ప్రశ్నకు జవాబు మాత్రమే.

అగ్ని బీమా పత్రాన్ని కూడా తీసి చదవండి. కట్టడపు వాడుకను ప్రమాదం పెరిగే విధంగా మార్చి, ఆ సంగతి బీమా కంపెనీకి చెప్పి ఒప్పించకపోతే రక్షణ నిలిచిపోతుందని అగ్ని బీమా షరతులలో ఉంటుంది. కాపురమని బీమా చేయించి వసతిగృహం నడిపితే, అవసరమైననాడు ఆ పత్రం చిత్తుకాగితమే కావచ్చు.

సంస్థ నుండి గృహ నిర్మాణ అడ్వాన్సు తీసుకొన్నవారు ఆ ఇంటిని మార్చేముందు అడ్వాన్సు షరతులు చూసుకొని, పరిపాలనా విభాగానికి తెలియజేయవలెను.

ఇంకా సర్వీసులో ఉన్నవారికి చివరి మాట. ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేక ఉద్యోగి వ్యాపారం చేయరాదు. కుటుంబ సభ్యులు వ్యాపారం చేస్తున్నా ఆ విషయం సంస్థకు తెలుపవలెను. ఇంటి ముందు గదిలో శ్రీమతిగారు నడిపే చీరల దుకాణానికి ప్రణాళికా సంస్థ సరేనన్నా, మనం మన కార్యాలయానికి చెప్పవలసినది మిగిలే ఉంటుంది.

సుద్దగీత చెరిపిన నాడు

మరునాడు అన్నగారు, నేను ప్లాను, పట్టా నకలు పట్టుకొని కార్యాలయానికి వెళ్ళాము. సర్వే నంబరును జోను పటంతోను, తీరపు పటంతోను సరిచూసిన తరువాతనే వసతిగృహం మాట ఎత్తడం మంచిదని తెలిసింది. స్వంత నివాసానికి ఒక ఇల్లు పెంచుకోవడం వేరు, పరులకు అద్దెకిచ్చే వసతిగృహం పెట్టడం వేరు. రెండింటికీ ఒకే దరఖాస్తు చాలదు. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి అన్నగారు చాలసేపు ఆలోచించారు.

ఇంటికి తిరిగి వచ్చి తడిగుడ్డతో ఆ సుద్దగీతలు ఆయనే తుడిచారు. మేస్త్రీకి ఇచ్చిన బయానాను ఇంటి కప్పు మరమ్మతు కూలి క్రింద సర్దుకొన్నారు. రేకుల పురమాయింపు రద్దు చేస్తే కొంత సొమ్ము పోయింది. ఆ నష్టం ఆయన మరువలేదు, నేనూ మరువలేదు. ఆ పని మొదలుపెట్టక ముందే నన్ను పిలిచి ఉంటే అదీ మిగిలేది. పై అంతస్తును నివాసానికి మాత్రమే చూపుతూ, బరువు మోసే గోడను ముట్టుకోకుండా, పెరటి జాగా ఖాళీగా ఉంచి క్రొత్త ప్లాను వేయించారు. దరఖాస్తు పెట్టారు. ఈ మాటలు వ్రాస్తున్ననాటికి జవాబు రావలసి ఉన్నది. వస్తుందో రాదో, ఏ సవరణలు అడుగుతారో తెలియదు. వదినగారు మాత్రం, "సొమ్ము బ్యాంకులో ఉన్నది, కప్పు నెత్తిన ఉన్నది, రాత్రి నిద్ర పడుతున్నది, మరిదిగారూ," అని ఫోనులో చెప్పారు.

ఇల్లు మనదే, దస్తావేజు మన పేరనే ఉన్నది. కాని ఆ ఇంటి గాలి ప్రక్కింటికి పోతుంది, ఆ ఇంటి ముందు నిలిచే బండి వీధిని ఆపుతుంది, ఆ ఇంటి మురుగు అందరి కాలువలో పడుతుంది. అందుకే ఇంటి కొలతకు, వాడుకకు ఊరి అనుమతి కావలసి వచ్చింది. గోడ మీద గీత గీయడానికి ముందు కాగితం మీద గీత గీయించండి. మొదటిది చెరపడానికి తడిగుడ్డ చాలునన్న భ్రమ వద్దు. గోడ పడిన తరువాత ఏ గుడ్డా చాలదు.

పాఠకులు తమ ఇళ్ళ మార్పుల విషయమై సందేహాలుంటే, పాత ప్లాను నకలు జతపరచి సంపాదకవర్గానికి వ్రాయగలరు. అందరికీ ఉపకరించే ప్రశ్నలకు, పేర్లు వెల్లడించకుండా, ఈ శీర్షికలో సమాధానమిస్తాము. వచ్చే సంచికలో ప్రహరీ గోడల తగాదాల గురించి ముచ్చటించుకొందాము. శుభం.